‘= 0’ అనవసరమని పీఎమ్‌డీ అంటోంది: తీసేయాలా, ఉంచాలా?

మీ జావా ప్రాజెక్టులో, కోడును నడపకుండానే చదివి లోపాలు చూపే టూల్ అయిన పీఎమ్‌డీ వందల చోట్ల ‘రిడండెంట్ ఫీల్డ్ ఇనిషియలైజర్’ అని హెచ్చరిస్తోందని, ప్రతి వేరియబుల్‌కూ ముందే సున్నానో నల్లో పెట్టుకోవడం మంచి అలవాటని మీకు నేర్పారని రాశారు. ఆ రూలును ఆపేయాలా, దాని మాట వినాలా అని అడిగారు. వినండి. అయితే మీ అలవాటు అసలు నష్టం చేసేది ఫీల్డుల (క్లాసులో నేరుగా ప్రకటించేవాటి) దగ్గర కాదు, లోకల్ వేరియబుల్స్ (మెథడ్ లోపల ప్రకటించేవాటి) దగ్గర. నాకది పలాసలో తెలిసింది.

నేను విజయనగరంలో ఇంటి నుంచే చిన్న వ్యాపారాలకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాస్తాను. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారికి రాసిన ప్రోగ్రాములో గ్రేడును బట్టి ధర ఎంచే మెథడ్ ఉండేది. జీడిపప్పుకు 180, 210, 240, 320 అని గ్రేడ్లు. 320 అంటే పౌనుకు 300 నుంచి 320 గింజలు తూగే పప్పు. మెథడ్ మొదటి వరుసలోనే ‘ధర = 0’ అని పెట్టి, కింద స్విచ్‌లో ఈ నాలుగు గ్రేడ్లకూ నాలుగు కేసులు రాశాను. ఏ కేసూ కుదరనప్పుడు నడిచే డిఫాల్ట్ రాయలేదు.

కొన్నాళ్లకు ఆయన బద్ద కూడా అమ్మడం మొదలుపెట్టారు. గ్రేడ్ల పట్టికలో బద్దను చేర్చాను, స్విచ్‌లో చేర్చడం మరిచాను. కంపైలర్ ఏమీ అనలేదు, ప్రోగ్రాము ఆగలేదు. బిల్లులో 10 కిలోల బద్ద డబ్బా ఎదురుగా సున్నా రూపాయలు పడింది. పెద్ద బిల్లులో ఆ వరుస ఎవరి కంటా పడలేదు. సాయంత్రం గుమస్తా ఫోన్ చేసి, “డబ్బాల లెక్క సరిపోయిందండీ, డబ్బు లెక్కే కుదరడం లేదు” అన్నారు. మర్నాడు ఉదయం రైలెక్కి పలాస వెళ్లి, ఆయన పక్కన కూర్చుని బిల్లులన్నీ మళ్లీ సరిచూశాను.

మొదటి వరుసలో ఆ ‘= 0’ లేకపోయి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. జావాలో లోకల్ వేరియబుల్‌కు ఏ దారిలో వచ్చినా విలువ చేరిందని రుజువైతేనే కంపైలర్ దాన్ని చదవనిస్తుంది. సున్నా తీసేసి చూడగానే, విలువ అందకపోయే దారి ఉందంటూ కంపైల్ చేయడం మానేసింది. ఈ నాలుగూ కాని గ్రేడు వస్తే ఏం చేస్తావని మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది. కంపైలర్ నోరు నొక్కింది నేను పెట్టిన సున్నాయే. ఇప్పుడు డిఫాల్ట్‌లో ఎక్సెప్షన్ విసురుతున్నాను. 2020లో వచ్చిన జావా 14 గానీ ఆపై వెర్షన్ గానీ మీ దగ్గర ఉంటే, గ్రేడ్లను ఈనమ్‌గా (ముందే ఖరారు చేసిన విలువల జాబితాగా) మార్చి స్విచ్ ఎక్స్‌ప్రెషన్ వాడండి. కొత్త గ్రేడు చేర్చి కేసు మరిస్తే కంపైలరే పట్టుకుంటుంది. అక్కడ మాత్రం డిఫాల్ట్ రాయకండి, రాస్తే ఆ కాపలా పోతుంది.

టూల్ ఈ తప్పును చూపిస్తుందని నమ్ముకోకండి. వాడకుండానే చెరిగిపోయే విలువలను, ఇలాంటిదే మరో టూల్ అయిన సోనార్‌లోని ఎస్ 1854 రూలు పట్టుకుంటుంది కానీ, మొదట పెట్టిన విలువ 0, 1, -1, నల్ లాంటిదైతే కావాలని వదిలేస్తుంది. మనం పెట్టేవేమో అవే.

ఇక ఫీల్డులు. వాటికి జావాయే అంకెలైతే 0, బూలియన్ అయితే ఫాల్స్, ఆబ్జెక్టు రిఫరెన్సులైతే నల్ ఇస్తుంది. మళ్లీ మనం రాయక్కర్లేదు. తీసేస్తే వేగం పెరుగుతుందని ఆశపడకండి, లాభం చదివేవాళ్లకే.

కానీ తీసే ముందు ఒకటి చూడండి. నా బిల్లు క్లాసులో జీఎస్టీ నంబరు ఫీల్డుకు ‘= నల్’ అని ఉండేది. పేరెంట్ క్లాసు కన్‌స్ట్రక్టర్ ఒక మెథడ్‌ను పిలిచేది, బిల్లు క్లాసు దాన్ని ఓవర్‌రైడ్ చేసి (తన సొంత రూపం రాసుకుని) నంబరు నింపేది. పేరెంట్ పని ముగిశాకే చైల్డ్ క్లాసు ఫీల్డుల విలువలు అమలవుతాయి కాబట్టి, నింపిన నంబరును ఆ నల్ చెరిపేసేది. అచ్చు వేసిన బిల్లులో ఆ గడి ఖాళీ. పీఎమ్‌డీ మాట విని ‘= నల్’ తీసేస్తే నంబరు వచ్చింది. అంటే టూల్ అనవసరమన్నది నిజానికి పని చేస్తూనే ఉంది, అదీ చెడ్డ పని. మీ కోడులో ఇంకెక్కడో అలాంటి చెరిపివేత మీదే ఏదో ఆధారపడి ఉండవచ్చు. అందుకే ముందుగా పీఎమ్‌డీలోనే ఉన్న ‘కన్‌స్ట్రక్టర్ కాల్స్ ఓవర్‌రైడబుల్ మెథడ్’ రూలు నడిపి, అది చూపిన క్లాసులనూ వాటి చైల్డ్ క్లాసులనూ చేత్తో సరిచేయండి. మిగతావాటిలో ధైర్యంగా తీసేయవచ్చు.

ఈ సలహాను సీ, సీ ప్లస్ ప్లస్ కోడుకు మోసుకెళ్లకండి. అక్కడ ఫంక్షన్ లోపలి మామూలు ఇంట్‌కు విలువ పెట్టకపోతే అందులో ఏముంటుందో చెప్పలేం. అందుకే ఆ భాషల కోడును తనిఖీ చేసే క్లాంగ్ టైడీలో విలువ పెట్టి తీరాలనే రూలు ఉంది.

ఫీల్డుల మార్పులను ఒక కమిట్‌లో, లోకల్ వేరియబుల్స్ మార్పులను వేరే కమిట్‌లో పెట్టండి. రెండోదాన్ని ఒక్కో మెథడ్‌గా, కంపైలర్ ఆగిన ప్రతి చోటా ఆగి చదువుతూ చేయండి.