ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ అసలు ఏం చేయాలి?

జబ్బు తగ్గించి పంపడమే దాని పని అనుకుంటే సగమే తెలిసినట్టు. మనిషి తన ఇంట్లో, తన పనిలో మళ్లీ నిలదొక్కుకునేలా చూడటం అసలు లక్ష్యం. ఆసుపత్రిలో చేర్చడం వేరే దారి లేనప్పుడే. ఇటలీ 1978లో చట్టం చేసి పాత పిచ్చాసుపత్రులను మూసేసే దారి పట్టింది ఈ ఆలోచనతోనే. డబ్బున్నా లేకున్నా వైద్యం అందడం, ఇష్టంలేని చికిత్సను చట్టం ఒప్పుకున్న మేరకే, వీలైనంత తక్కువ కాలం చేయడం ఏ లక్ష్యాల పత్రంలోనైనా కనిపించేవే. కాగితం మీద అందరూ మంచివాళ్లే.

సంస్థ పనితనం తేలేది డిశ్చార్జి అయ్యాకే. ఇంటికి వెళ్లిన మొదటి వారంలో, ఆపై సుమారు మూడు నెలల వరకు ఆత్మహత్య ముప్పు బాగా ఎక్కువ. అందుకే 72 గంటల్లో, మరీ ఆలస్యమైతే 7 రోజుల్లో, సిబ్బందిలో ఒకరు రోగిని కలవాలి. చీటీ మీద తేదీ ఒక్కటే రాసిస్తే చాలదు. ఎవరిని కలవాలి, రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలి, మందులు ఎప్పటివరకు వస్తాయి అన్నవీ ఉండాలి. 7 రోజుల మందులిచ్చి 15వ రోజున రమ్మంటే మధ్యలో వారం ఖాళీ. చాలాసార్లు జబ్బు తిరగబెట్టేది ఇలాంటి ఖాళీల్లోనే.

డిప్రెషన్ మందుల ప్రభావం తెలియడానికే 2 నుంచి 4 వారాలు పడుతుంది. బాగయ్యాక కూడా కనీసం 6 నెలలు వాడాలి. ఈ మాట మొదటి రోజే చెప్పకపోతే, 'పనిచేయట్లేదు' అని రోగి పదో రోజుకే మానేస్తాడు.