శుక్రవారం పెట్టుకోకండి: మ్యూజియాలు, పక్కనే తిండి (పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు)

సెలవులకు హైదరాబాద్ వచ్చేవాళ్ళ నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: శనివారం తెల్లవారుజామున రైల్లో వచ్చి సికింద్రాబాద్‌లో దిగుతాం. ఆదివారం రాత్రికి తిరుగు ప్రయాణం. సాలార్‌జంగ్ మ్యూజియానికి రోజంతా పడుతుందని ఒకరు, గంటలో చూసేయొచ్చని ఒకరు చెబుతున్నారు. ఎవరి మాట నమ్మాలి? బిర్యానీ కూడా ఆ చుట్టుపక్కలే తినాలని ఉంది. – కాకినాడ పాఠకుడు

ఇద్దరి మాటా నిజమే. గదులన్నీ తిరగాలంటే రోజు చాలదు. ఏం చూడాలో ముందే అనుకుని వెళ్తే మూడు గంటల్లో తృప్తిగా బయటికి రావచ్చు. చాలామంది చేసే పొరపాటు మొదటి గది నుంచి వరసగా మొదలుపెట్టడం. నాలుగో గదికే కాళ్ళు పీకుతాయి, అసలు చూడాల్సినవి వచ్చేసరికి ఓపిక ఉండదు.

సామాను స్టేషన్ క్లోక్‌రూమ్‌లోనో, తీసుకున్న గదిలోనో పెట్టేసి చేతులూపుకుంటూ రండి. మ్యూజియంలోకి పెద్ద సంచులు రానివ్వరు. అక్కడా భద్రపరిచే చోటు ఉంది కానీ, శని, ఆదివారాల్లో తిరిగి తీసుకునేటప్పుడు క్యూలో నిలబడాలి. మెట్రోలో సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కి, తర్వాతి స్టేషన్ పరేడ్ గ్రౌండ్‌లోనే దిగి ఆకుపచ్చ లైనుకు మారితే ఆఖరి స్టేషన్ ఎంజీబీఎస్. అక్కడి నుంచి దారుల్‌షిఫా ఆటోలో అయిదారు నిమిషాలు. మూసీ దాటగానే మ్యూజియం.

మ్యూజియం పదింటికి తెరుస్తారు. మీరు ఎనిమిదింటికే ఆ ప్రాంతానికి చేరితే నయాపుల్ రోడ్డులో నయాబ్ హోటల్లో నహారీ తినొచ్చు. కాళ్ళు, నాలుక వేసి రాత్రంతా సన్నని సెగమీద ఉడికించే పులుసు ఇది, నాన్‌తో తింటారు. ఇది పొద్దుటి తిండి. పదిన్నరకు వెళ్లి నహారీ కావాలంటే గిన్నె అడుగు చూపిస్తారు. అంత పొద్దున్నే మాంసం వద్దనుకుంటే గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద వెన్న దోశ ఉంటుంది. అక్కడ కుర్చీలుండవు, నిలబడి తినాలి. మధ్యాహ్నానికల్లా సర్దేస్తారు.

పదింటికి లోపలికి వెళ్ళగానే నేరుగా ముసుగు రెబెక్కా దగ్గరికి వెళ్ళండి. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చేతి పని. నిజాం దగ్గర ప్రధానమంత్రిగా చేసిన మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. అందరూ ఎదురుగా నిలబడి ఒక ఫోటో తీసుకుని కదిలిపోతారు. మీరు కాస్త పక్కకి జరిగి చెంప దగ్గర చూడండి. ముసుగు అంచు, దాని కింద ముక్కు గీత, పెదవుల ఒంపు, మూడూ ఒకే చలవరాతిలో ఉన్నాయని, అక్కడ గుడ్డ అనేది లేనే లేదని అప్పుడు బోధపడుతుంది. తర్వాత జంట బొమ్మ. ఒకే కర్ర దుంగలో ముందువైపు తల ఎగరేసిన మెఫిస్టోఫిలిస్ ('ఫౌస్ట్' నాటకంలోని దయ్యం), వెనకవైపు తల దించుకున్న మార్గరెటా (అదే నాటకంలోని అమ్మాయి). ఆమె కోసం వెనక అద్దం పెట్టారు. అద్దానికి మరీ దగ్గరగా వెళ్తే మీ నీడే అడ్డొస్తుంది, రెండడుగులు వెనక్కి జరగండి.

పదకొండుకు పది నిమిషాలుండగా గడియారం ముందు కూర్చోండి. కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీ గడియారం అది. గంట కొట్టే ముందు గడ్డం ఉన్న చిన్న బొమ్మ బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మీద కొట్టి లోపలికి పోతుంది. పన్నెండు దెబ్బలు చూద్దామని ఊరంతా మధ్యాహ్నం పన్నెండుకే వస్తారు. బెంచీలు నిండిపోతాయి, వెనక నిలబడితే ముందువాళ్ళ ఫోన్లు తప్ప ఏమీ కనిపించవు. పదకొండుకైతే ఒక దెబ్బ తక్కువ, అంతే కదా.

ఆ తర్వాత గంటన్నర జేడ్ రాతి వస్తువులకు, ఆయుధాలకు కేటాయించండి. జహంగీర్ బాకు, నూర్జహాన్ పళ్ళు కోసే కత్తి ఆ జేడ్ గదిలోనే ఉన్నాయి. చైనా, జపాన్ వస్తువులు తూర్పు బ్లాకులో, ఐరోపా గాజు, పింగాణీ, కుర్చీలు బల్లలు పశ్చిమ బ్లాకులో ఉంటాయి. రెండిట్లో ఒక్కటే ఎంచుకోండి. మా ఓటు తూర్పుకి.

ఒంటిగంటకు మదీనా కూడలి వైపు నడిస్తే షాదాబ్. ఆదివారం ఒంటిగంటన్నర దాటితే బల్ల దొరకడానికి నిలబడాల్సిందే, కాబట్టి బిర్యానీ శనివారమే కానిచ్చేయండి. ఒక సంగతి. పచ్చి మాంసానికి మసాలా పట్టించి, అడుగున పరిచి, పైన సగం ఉడికిన అన్నం వేసి దమ్ చేసిన బిర్యానీలో మసాలా అంతా అడుగునే ఉంటుంది. పైనుంచి తీసిన ప్లేటులో తెల్లన్నమే ఎక్కువ వస్తుంది. అది వంట తప్పు కాదు, వడ్డన తీరు. ఆర్డరిచ్చేటప్పుడే "మసాలా కాస్త ఎక్కువ వెయ్యండి" అని చెప్పండి. ప్లేటు వచ్చాక గొడవపడి లాభం లేదు. ఇద్దరికి ఒక ప్లేటు చెప్పి, చాలకపోతే ఇంకోటి తెప్పించుకోవడం మంచిది.

చార్మినార్ సాయంత్రం నాలుగు తర్వాత పెట్టుకోండి. చాయ్‌కి పక్కనే నిమ్రా కేఫ్ ఉండనే ఉంది.

ప్రశ్న: ఆఫీసు పనిమీద వస్తున్నాను. ఖాళీ దొరికేది శుక్రవారం ఒక్కటే. ఏం చూడొచ్చు? – కరీంనగర్ పాఠకుడు

శుక్రవారం సాలార్‌జంగ్, చౌమహల్లా, నిజాం మ్యూజియం, పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు మ్యూజియం అన్నిటికీ సెలవే. వేరే ఊళ్ళలో మ్యూజియాలకు సోమవారం సెలవు కాబట్టి ఇక్కడా అంతే అనుకుని వచ్చి తలుపు ముందు నిలబడేవాళ్ళు ప్రతి వారం ఉంటారు.

ఆ రోజు గోల్కొండ వెళ్ళండి. పొద్దున తొమ్మిదికల్లా ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదరకముందే బాలాహిసార్ చేరతారు. ఎక్కే ముందు ప్రవేశ ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొట్టమని ఒకరిని నిలబెట్టి, మిగతావాళ్ళు పైన వినండి. అందరూ కిందే కొడుతూ కూర్చుంటే వినేవాళ్ళు ఎవరు? దిగొచ్చాక టోలీచౌకిలో షా గౌస్‌లో భోజనం. కార్లంటే ఇష్టమైతే జూ పార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. క్రికెట్ బ్యాటు, లిప్‌స్టిక్, బూటు ఆకారాల్లో నడిచే కార్లు. గంట చాలు. చార్మినార్ వైపు మాత్రం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా వెళ్ళకండి. మక్కా మసీదులో జుమ్మా నమాజు సమయం కాబట్టి ఆటోలు కదలవు.

ప్రశ్న: అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి. శాకాహారులం. నిజాం నగలు, బట్టలు చూపించాలని ఉంది. ఎక్కువ నడక లేకుండా కుదురుతుందా? – గుంటూరు పాఠకురాలు

నగల సంగతి ముందు చెప్పాలి. నిజాం ఆభరణాలను 1995లో భారత ప్రభుత్వం కొనేసింది. అవి రిజర్వ్ బ్యాంకు ఖజానాలో ఉంటాయి. అప్పుడప్పుడు ప్రదర్శనకు పెట్టినప్పుడు తప్ప చూడటం కుదరదు. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో ఉన్నవి వేరే. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవానికి వచ్చిన కానుకలు, వెండి నమూనాలు, అత్తరు పెట్టెలు, పాత కార్లు. వాటికన్నా చూడదగ్గది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా. బీరువా అన్నాం కానీ అది 176 అడుగుల పొడవు, రెండంతస్తులు, మొత్తం టేకు. పై అంతస్తుకు చేత్తో తిప్పే లిఫ్టు. మీ నాన్నగారిని ఒక చివర నిలబెట్టి మీరు రెండో చివరికి నడిస్తే పొడవెంతో తెలుస్తుంది.

నడక తక్కువ కాబట్టి పెద్దవాళ్ళకు సాలార్‌జంగ్ కన్నా ఇదే నయం. గంటంబావు చాలు. సాలార్‌జంగ్ కూడా వెళ్ళితీరాలంటే ప్రవేశం దగ్గర వీల్‌చైర్ అడగండి, మొహమాటపడకండి. రెండిటి మధ్య దూరం కిలోమీటరుకు అటూ ఇటూ. పాదచారుల దారి బాగుండదు కాబట్టి పెద్దవాళ్ళతో ఆటోనే మేలు. పాతబస్తీ మెట్రో పనులు కూడా ఆ దారిలోనే కాబట్టి ఆటోకైనా అరగంట చేతిలో ఉంచుకోండి.

భోజనానికి ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్‌కు వెళ్ళండి. 1948 నుంచి ఉన్న శాకాహార హోటలు. పన్నెండున్నరకు చేరితే కూర్చోవడానికి చోటుంటుంది. ఆదివారం ఒంటిగంటకు కుటుంబాలన్నీ అక్కడే. పక్కనే ఉన్న మొజంజాహీ మార్కెట్‌లో ఫేమస్ ఐస్‌క్రీమ్ దుకాణం ఉంది. వేసవి అయితే మామిడి, చలికాలం మొదట్లో అయితే సీతాఫలం అడగండి. సీజను కాని పండు అడిగితే ఆ రుచి రాదు.

మీ అత్తగారు అడగమన్నారని రాసిన మున్షీ నాన్ గురించి: పురానీ హవేలీ దగ్గర 1851 నుంచి పేరున్న నాలుగు మూలల నాన్ అది. బొగ్గుల తందూరులో కాలుస్తారు. ఇది కొనుక్కెళ్ళేదే, కూర్చుని తినే హోటలు కాదు. వేడిగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ కవర్లో కట్టి పెడితే చెమ్మ పట్టి మెత్తబడి సాగుతుంది. కాగితంలో చుట్టించుకోండి. రోడ్డు వెడల్పు పనుల వల్ల ఆ దారిలో దుకాణాలు మారుతున్నాయి. బయల్దేరే ముందు మ్యూజియం గేటు దగ్గర ఆటోవాళ్ళని అడిగి కదలండి.

ప్రశ్న: డాలస్ నుంచి పిల్లలతో వస్తున్నాం, ఎనిమిదేళ్ళు, పదకొండేళ్ళు. ఒక పూట వాళ్ళకు నచ్చేవి చూపించాలి. పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులు. టికెట్ విదేశీయుల రేటు కట్టాలా? – టెక్సాస్ పాఠకురాలు

ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే స్మారక కట్టడాలకు, మ్యూజియాలకు భారతీయుల రేటే వర్తించాలని కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ఉంది. అసలు కార్డు తీసుకురండి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే కౌంటర్‌లో వాదన మొదలవుతుంది, వెనక క్యూ పెరుగుతుంది.

ఆ పూట పబ్లిక్ గార్డెన్స్ పురావస్తు మ్యూజియం, తర్వాత నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియం. మొదటిదానికి ఎర్ర లైనులో అసెంబ్లీ స్టేషన్ దగ్గర. అక్కడ పిల్లలకు ఈజిప్టు మమ్మీ. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ కొన్నాడు, ఏడో నిజాం చేతికొచ్చి, అక్కణ్ణించి 1930లో మ్యూజియానికి చేరింది. గాజు పెట్టెలో చిన్న ఆకారం. సినిమాల్లో మమ్మీ లాగా ఉంటుందని ముందే ఊరించకండి. అజంతా చిత్రాల నకళ్ళ గది కూడా దాటేయకండి. గుహల్లో మసకబారిన రంగులు ఇక్కడ దగ్గర నుంచి కనిపిస్తాయి.

బిర్లా మ్యూజియంలో డైనోసార్ కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ పిల్లలకు బాగా నచ్చుతుంది. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం, 44 అడుగుల పొడవు. మన నేలమీద తిరిగిందే అని చెబితే పిల్లలు ఇంకోసారి చుట్టూ తిరిగొస్తారు. ప్లానెటేరియంలో తెలుగు ఆటలు, ఇంగ్లిష్ ఆటలు వేరు వేరు వేళల్లో ఉంటాయి. ముందు ఆ టికెట్ కొనేసి, మధ్యలో ఖాళీ ఉంటే డైనోసార్ చూడండి. తిరగేసి చేస్తే గంట వృథా.

భోజనం లక్డీకాపూల్ రాయలసీమ రుచులులో. పిల్లలకు కారం అలవాటు లేకపోతే రాగి సంకటి, నాటుకోడి పులుసు జోలికి వెళ్ళకుండా పప్పు, నెయ్యి దగ్గర ఆగండి. సాయంత్రం రెడ్‌హిల్స్ నీలోఫర్ కేఫ్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.

ప్రశ్న: ఇరానీ చాయ్ హోటల్లో ఎలా అడగాలి? – నెల్లూరు పాఠకుడు

ఉత్తినే "చాయ్" అంటే మామూలుది వస్తుంది. పాలు ఎక్కువ, చిక్కగా కావాలంటే "పౌనా". డికాక్షను ఘాటుగా కావాలంటే "ఖడక్". డికాక్షను, పాలు వేరు వేరుగా కాగుతూ ఉంటాయి, కప్పులోనే కలుపుతారు. అందుకే చక్కెర తగ్గించమంటే చాలాచోట్ల కుదరదు, అది ముందే పడి ఉంటుంది. ఇద్దరికి ఒకటే కావాలంటే "ఏక్ మే దో". ఉస్మానియా బిస్కెట్ తీపితోపాటు ఉప్పగానూ ఉంటుంది. పాడైపోయిందనుకుని పక్కన పెట్టకండి.

ప్రశ్న: విజయవాడలో రైలు మారడానికి నాలుగు గంటలు ఖాళీ. – శ్రీకాకుళం పాఠకుడు

బందరు రోడ్డులోని బాపు మ్యూజియం. పాత విక్టోరియా జూబిలీ మ్యూజియమే. శుక్రవారం సెలవు, పదిన్నర తర్వాతే తెరుస్తారు. 1921లో కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించింది ఇక్కడే. అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధుడి దగ్గర ఆగండి. గంటంబావులో ముగుస్తుంది. దానికి ముందు గాంధీనగర్ బాబాయి హోటల్లో వెన్న ఇడ్లీ. పొద్దున తొమ్మిదిన్నర దాటితే రద్దీ. ఇడ్లీ వేడిగా ఉండగానే వెన్న కరగనివ్వండి. చల్లారాక వెన్న గడ్డలా పైనే ఉండిపోతుంది.

మీ ఊరి పక్కనే ఉన్న విశాఖలో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి గురించీ అడిగారు. దానికి సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం రెండింటికి తెరుస్తారు. లోపల గుండ్రటి తలుపుల్లోంచి వంగి దాటాలి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఎదురుగా ఉన్న టీయూ-142 విమానంతో సరిపెట్టుకోవడం మంచిది. బయటికొచ్చాక బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ కట్టించుకోండి. ఉల్లిపాయ, నిమ్మరసం ఎదురుగానే కలిపించుకోవాలి. ముందే కలిపి పెట్టినది మెత్తబడి ఉంటుంది.