వన్నెల గొట్టం అనవచ్చా?

సందేహం: పాకాల దగ్గర మా బడిలో సైన్సు ఎగ్జిబిషన్ కోసం పిల్లలు కలైడోస్కోప్ (అద్దాల మధ్య రంగుముక్కలు వేసి తిప్పి చూసే గొట్టం) చేశారు. బోర్డు మీద ‘వర్ణదర్శిని – వివిధ రంగురంగుల వర్ణాలు చూడండి’ అని రాశాం. తప్పుందా? – ఒక ఉపాధ్యాయిని

సమాధానం: ముందు రెండో ముక్క సంగతి చూద్దామమ్మా. రంగురంగుల అంటేనే పలు రంగులని అర్థం. దానికి ముందు ‘వివిధ’, వెనక ‘వర్ణాలు’ ఎందుకు? ఈ మధ్య పేపర్లలో, టీవీల్లో మాట మీద మాట అతికిస్తున్నారు. ఆ అలవాటు బడి బోర్డుకు ఎక్కకూడదు.

ఇక పేరు. 1816లో ఈ పరికరాన్ని కనిపెట్టిన స్కాట్లండు శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్ దానికి గ్రీకు మాటలతో పేరు కూర్చాడు. అందం, రూపం, చూడటం, ఈ మూడే అందులో ఉన్నాయి. రంగు ఊసే లేదు. పైగా కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని (స్పెక్ట్రోస్కోప్) అని వేరే పరికరం ఉంది, పిల్లలు తికమకపడతారు. ‘చిత్రదర్శిని’ నయం. చిత్రమంటే బొమ్మా, వింతా కూడా.

నా మనసు మాత్రం ‘వన్నె’ మీద ఉంది. సంస్కృత వర్ణం ప్రాకృతంలో వణ్ణ అయి, మనకు వన్నెగా దక్కింది. పూర్ణిమ పున్నమి అయిన దారే ఇది. కంసాలి బంగారాన్ని గీటురాయి మీద గీసి, ఆ గీత రంగును బట్టి నాణ్యం చెప్పేవాడు. అలా నాణ్యానికీ వన్నె అనే పేరొచ్చింది. పదహారు వన్నెల బంగారమంటే అచ్చమైన మేలిమి. అక్కడినుంచి పేరుప్రతిష్ఠలకూ పాకి, వన్నె తెచ్చాడు, వన్నెకెక్కింది, వన్నె తగ్గింది అంటున్నాం. ఇంత బతుకున్న మాటను పెళ్లిపత్రికల ‘వన్నెచిన్నెల’కే వదిలేశాం! ‘చాయ’ ఎక్కువగా ఒంటిరంగుకు వాడతాం, ఇక్కడ పనికిరాదు.

చిన్నప్పుడు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర గాజుల అంగళ్ల ముందు పగిలిన ముక్కలు ఏరుకునేవాళ్లం. మూడు అద్దపు పట్టీలు త్రికోణంగా కట్టి, అట్టగొట్టంలో పెట్టి, చివర ఆ ముక్కలు వేసి తిప్పేవాళ్లం. ఎర్రముక్క ఒకటి పచ్చముక్క మీదికి జారిందంటే ఆరు రెక్కల పువ్వు చెదిరి ఇంకో పువ్వు విచ్చేది. ముక్కలు అవే, వన్నెలే వేరు.

అందుకని బోర్డు మీద పైన ‘కలైడోస్కోప్’, కింద ‘వన్నెల గొట్టం’ అని రాయండి. ఇది నేను కూర్చుకున్న మాట, కనుక ఇదే ఒప్పని తీర్పు చెప్పను. ‘చిత్రదర్శిని’ అన్నా కాదనను. పిల్లలు అందులోకి చూసి దాన్ని ఏమని పిలుస్తారో విని, నాకు మళ్లీ ఒక ఉత్తరం రాయండి.