అడగండి, చెబుతాం: షోల వెంట ఊళ్లు తిరిగేవారికి

ప్ర: మా అభిమాన రాక్ బ్యాండ్ హైదరాబాద్, బెంగళూరు, ముంబయిల్లో వరసగా షోలు ప్రకటించింది. మూడూ చూడాలని ఉంది. ఎలా ప్లాన్ చేసుకోవాలి?
– పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జ: ఈ టూర్‌లో ఇప్పటిదాకా ఏ ఊళ్లో ఏ పాటలు వాయించారో ముందు నెట్‌లో చూడండి. లైట్లు, తెరమీది వీడియో పాటతో ముడిపెట్టుకున్న బ్యాండ్‌లు ఊరు మారినా దాదాపు అవే పాటలు అదే వరసలో వాయిస్తాయి. అలాంటివారివి రెండు షోలు చాలు. అమెరికా రాక్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ ఏ రాత్రికారాత్రి పాటలు మార్చేది, అందుకే జనం ఊరూరా వెంట తిరిగారు. షోను రికార్డు చేసుకునే అభిమానులకు 1984లో విడిగా చోటు కూడా ఇచ్చింది. మీ బ్యాండ్ ఆ కోవదైతే మూడూ తప్పకుండా చూడండి!

షో టికెట్ ఖాయమయ్యాక, రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం 8కి మొదలవగానే చేయించేసుకోండి. తత్కాల్‌ను నమ్ముకోవద్దు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ మీరు రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. షోలు ఆగిపోవడమూ ఉంది. 2011 అక్టోబర్ 28న గుర్గావ్‌లో మెటాలికా షో ఆగిపోయింది, 30న బెంగళూరులో మాత్రం జరిగింది.

ముందు రోజే ఊరు చేరండి. తిరుగు రైలు అదే రాత్రికి పెట్టుకోవద్దు. ఆరుబయట మైకులు రాత్రి 10కి ఆపాలి కాబట్టి షో అప్పటికి ముగిసినా, జనంలోంచి బయటపడి ఆటో దొరికేసరికి చాలా ఆలస్యమవుతుంది. బెంగళూరులో మీ రైలు యశ్వంతపురం నుంచా, బైయప్పనహళ్లి ఎస్‌ఎంవీటీ (విశ్వేశ్వరయ్య టెర్మినల్) నుంచా అన్నది టికెట్‌లో చూసుకోండి. బ్యాగు స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టొచ్చు గానీ తాళం లేనిదే తీసుకోరు. పవర్‌బ్యాంకు, నీళ్ల సీసా చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు.

ప్ర: టెలిగ్రామ్‌లో సగం ధరకు టికెట్ ఇస్తామంటున్నారు. కొనొచ్చా?
– పాఠకురాలు, మొగల్రాజపురం, విజయవాడ

జ: వద్దండీ. ఒకే క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్‌ను పదిమందికి అమ్మేస్తారు. మొదట స్కాన్ చేయించుకున్నవాళ్లే లోపలికి వెళ్తారు, మిగతావాళ్లు గేటు బయటే.

ప్ర: షో అయ్యాక చెవులు గుయ్‌మంటున్నాయి. ఏం చేయాలి?
– పాఠకుడు, పటమట, విజయవాడ

జ: 100 డెసిబెల్స్ మోతలో చెవికి సురక్షితమైన సమయం 15 నిమిషాలే. స్పీకర్ల ముందు కాకుండా సౌండ్ ఇంజినీరు మిక్సర్ బల్లకు కాస్త ముందు నిలబడండి. ఆయన అక్కడ విని సర్దుతాడు కాబట్టి పాట బాగా వినబడేదీ అక్కడే. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌ను సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి తోయండి. ఉబ్బేదాకా అర నిమిషం వేలు అడ్డం పెట్టండి. సగం బయటికి కనబడుతుంటే సరిగా పెట్టుకోనట్టే. ఫోమ్‌తో పాట మూతపడ్డట్టు ఉంటే, సంగీతకారులు వాడే ప్లగ్స్ కొనుక్కోండి. అవి అన్ని స్వరాలనూ సమంగా తగ్గిస్తాయి. రెండు రోజులైనా మోత తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి.