'పలు గ్రామాలు' అని రాయకు

విజయవాడ
ఆదివారం రాత్రి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పాత పత్రికలవాళ్ళం, రేడియోవాళ్ళం చేరే మా ఆదివారం గుంపు మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను, పాత అలవాటు. వాక్యం నీకు బాగా వస్తుంది. ఆ విషయంలో బెంగ పెట్టుకోకు. నాకు నచ్చనిది వేరే ఉంది. 'ఎందరో మహానుభావులు', 'ఎన్నో మరపురాని సంఘటనలు', 'విలువల కోసం బతికిన తరం' అంటూ పోయావు. 'ఎందరో', 'ఎన్నో' అన్న మాటల కింద గీతలు పెట్టుకుంటూ వస్తే పదకొండు లెక్క తేలాయి. అంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, అలాంటి మాట వల్ల ఒకసారి నా చేతుల మీదుగా ఒక తప్పు జరిగింది.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. అప్పటికి నేను పత్రికలో, విలేఖరుల వార్తలు దిద్దే డెస్కులో చేరి మూడేళ్ళు. తీగలు తెగిపోయాయి, దారులు మూసుకుపోయాయి, అటు నుంచి వార్త రావడమే గగనం. కొన్ని రోజులకి ఒక విలేఖరి నడిచీ, పడవెక్కీ, లారీ పట్టుకునీ వచ్చి ఒక కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టాడు. కోడూరు, నాగాయలంక వైపు ఊళ్ళ పేర్లు, ఒక్కో ఊరి కింద పోయినవాళ్ళ ఇంటిపేర్లు, ఎవరింట్లో ఎందరు మిగిలారో, అన్నీ వరసగా రాసుకొచ్చాడు. ఎనిమిదో తొమ్మిదో పేజీలు ఉంటాయి. ఆ రాత్రి పేజీలో జాగా లేదు. మంత్రుల పర్యటన వార్త పెద్దదిగా వచ్చింది. నేను ఆ వరస మొత్తం కొట్టేసి 'పలు గ్రామాల్లో' అని ఒక్క మాట పెట్టాను. కాగితాలు బుట్టలో వేశాను. పొద్దున పేపరు చూసుకుని ఆ విలేఖరి నన్ను ఏమీ అనలేదు. అప్పట్లో వాళ్ళకి లైన్ అకౌంటు, అచ్చయిన లైన్లు లెక్కపెట్టి డబ్బులు ఇచ్చేవాళ్ళు. నేను ఆయన పేర్లూ కోశాను, కూలీ కూడా కోశాను. సొర్లగొంది, పాలకాయతిప్ప, ఇలా రెండు మూడు ఊళ్ళే నాకిప్పుడు గుర్తున్నాయి. తక్కినవి ఆయన రాసినట్టుగా మళ్ళీ ఎక్కడా దొరకవు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

అందుకే 'ఎందరో' అని కనిపిస్తే నాకు ఆ బుట్ట గుర్తొస్తుంది.

మా గుంపు సంగతి నీకు తెలిసిందే కానీ, ఎలా మొదలైందో తెలియదనుకుంటాను. నెల మొదటి ఆదివారం ఒక మిత్రుడి డాబా మీద చేరే పదీ పన్నెండు మందిమి. పత్రికల్లో చేసినవాళ్ళం ఎక్కువ, ఆకాశవాణిలో చేసినవాళ్ళు ముగ్గురు, ఒక ఫొటోగ్రాఫరు, ఈమధ్య అచ్చు కోసం సీసపు అక్షరాలు పేర్చిన ఒక కంపోజిటరు. చాలాకాలం అది కాఫీ, ఇడ్లీ, పాత కబుర్లు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో ఉండే మా వాడి ఇల్లు మునిగింది. నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. మంచం కింద ట్రంకుపెట్టెలో ఇరవై రెండేళ్ళ రిపోర్టింగ్ డైరీలు ఉండేవి. మేం వెళ్ళి ఒక్కొక్క పేజీ విడదీసి, మధ్యలో తెల్లకాగితం పెట్టి, ఎండలో కాకుండా ఫ్యాను కింద ఆరబెట్టాం. బాల్‌పెన్నుతో రాసినవి దక్కాయి. ఇంకుపెన్నుతో రాసిన మొదటి ఏడు డైరీలు నీలం మరకలుగా మిగిలాయి. ఆయన ఆ మరకల మీద వేలు పెట్టి 'ఇది ఫలానా రోజు మునిసిపల్ సమావేశం' అని జ్ఞాపకం మీద చెప్పబోయి, చెప్పలేక ఊరుకున్నాడు. ఆ సాయంత్రం నుంచే మాది కబుర్ల గుంపు కాకుండా పని గుంపు అయింది. నీ వ్యాసంలో ఈ సంగతి లేదు. తప్పు నీది కాదు, మేం ఎవరం నీకు చెప్పలేదు, నువ్వు అడగలేదు.

అడగడం గురించే చెప్తాను. మేమంతా నలభై ఏళ్ళు కథలు చెప్పి బతికినవాళ్ళం. ఏ మాట దగ్గర వినేవాళ్ళు ముందుకు వంగుతారో మాకు తెలుసు. కాబట్టి 'మీ జీవితంలో మరపురాని సంఘటన చెప్పండి' అని అడిగితే, యాభైసార్లు చెప్పి నున్నబడిన కథే నీకు దొరుకుతుంది. పని ఎలా జరిగేదో అడుగు. రాత్రి ఎన్నింటికి పేజీ మూసేవాళ్ళు? దూరపు ఊళ్ళకి ముందుగా అచ్చేసే డాక్ ఎడిషన్ ఏ రైలుకి అందాలి? టెలిప్రింటర్ మీద ఇంగ్లీషులో వచ్చిన వార్త తెలుగు చేసేటప్పుడు ఏ మాటకి అర్థం తెలియక ఇబ్బంది పడ్డారు? రేడియో స్టేషన్‌లో టేపులు చాలక ఏ రికార్డింగు మీద ఏది ఎక్కించారు? ఎమర్జెన్సీలో మీరే పక్కన పెట్టేసిన వార్త ఏది? ఇలాంటివి అడిగితే మనిషి కాసేపు ఆగుతాడు, పైకి చూస్తాడు. ఆ ఆగడంలో నువ్వు మాట కలపకు. ఆ తర్వాత వచ్చేదే నీకు కావలసింది.

ఊరి చరిత్ర కూడా ఇలాంటి చిన్న లెక్కల్లోనే దొరుకుతుంది. బెజవాడ పత్రికల ఊరు ఎందుకయిందని అడిగితే మావాళ్ళు చాలామంది 'చైతన్యం' అంటారు. అది నిజం కాదని అనను. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి ఇక్కడే మొదలయ్యాయి. మద్రాసులో పుట్టిన పత్రికలు కూడా మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయాక ఒక్కొక్కటే ఇటు వచ్చాయి. ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1 నుంచే ఉంది. కానీ మా గుంపులో పేపరు కట్టలు ఊళ్ళకి పంపే సర్క్యులేషన్‌లో చేసినాయన ఒకరున్నారు, ఎప్పుడూ చివర కూర్చుంటారు. ఆయన్ని అడిగితే రైల్వే స్టేషన్ గురించి చెప్తారు. మద్రాసు వైపు, విశాఖ వైపు, కాజీపేట వైపు, గుంటూరు వైపు, బందరు వైపు, ఎటు పోయే రైలుకైనా ఇక్కడ కట్ట ఎక్కించే వీలుండేది. తెల్లారేసరికి కట్ట చేరే ఊళ్ళ పేర్లు ఆయన వరసగా చెప్తూ పోతే నువ్వు రాసుకోలేక అలిసిపోతావు. ఆయన్ని నువ్వు పలకరించనే లేదు.

కంపోజిటరుగారిని కూడా. 'మీడియా ప్రముఖులు' అని నువ్వు ఇచ్చిన పట్టికలో ఆయన పేరు లేదు. తెలుగు కంపోజింగ్ ఎంత కష్టమో మీ తరానికి ఊహకు కూడా అందదు. అక్షరానికి గుణింతం, కింద ఒత్తు, ఒత్తు కింద ఇంకో ఒత్తు, అన్నిటికీ సీసపు అక్షరాలు విడివిడిగా కేసులో గళ్ళలో ఉండేవి. కేసు వైపు చూడకుండా ఏరి, ఎడమచేతిలో పట్టుకున్న స్టిక్‌లో పేర్చాల్సి వచ్చేది. అదీ తిరగేసి. మొన్న ఆయన్ని 'లక్ష్మి' ఎలా పేర్చేవాళ్ళని అడిగాను. నోటితో చెప్పలేకపోయారు. కుడిచెయ్యి పైకీ కిందికీ మూడు చోట్లకి వెళ్ళి వచ్చింది, చేతిలో లేని స్టిక్ మీద ఎడమచేతి బొటనవేలు అక్షరాన్ని నొక్కి పట్టింది. అది నేను కళ్ళారా చూశాను. సంపాదకీయం ముందుగా చదివేది సంపాదకుడు కాదు, ఈయనే. ఎవరి రాత అర్థమయ్యేది, ఎవరిది కాదు, ఎవరు తప్పు ఒప్పుకునేవాళ్ళు, ఎవరు కంపోజింగ్ మీదకి నెట్టేసేవాళ్ళు, అన్నీ ఆయనకి తెలుసు. ఆయన మాట లేకుండా రాసిన పత్రికల చరిత్ర సగమే.

జ్ఞాపకాన్ని నమ్మాలా వద్దా అని చివర అడిగావు. మంచి ప్రశ్న. ఇవాళ పొద్దున జరిగింది చెప్తాను.

ఫొటోగ్రాఫరుగారి కవర్లు తీశాం. ఒక కవరు మీద 'పుష్కరాలు' అని మాత్రమే ఉంది. కృష్ణ రేవులో జనం, వాళ్ళ వెనక వంతెన. మాలో ఒకాయన చూడగానే '1956. నాకు పదేళ్ళు. మా నాయనమ్మతో వచ్చాను, ఇదే రేవు' అన్నాడు. గొంతు కూడా వణికింది. అందరం నమ్మేశాం. ఫొటోగ్రాఫరుగారు భూతద్దం తెచ్చి వంతెన మీద పెట్టారు. బ్యారేజీ మీద ఒక బస్సు పోతోంది. 1855 నాటి పాత ఆనకట్ట 1952లో తెగాక కట్టిన ప్రకాశం బ్యారేజీ పూర్తయింది 1957లో. కాబట్టి 1956 కాదు. తర్వాతి పుష్కరాలు 1968, 1980, 1992. నెగెటివ్ చూస్తే చదరంగా ఉంది, వెడల్పాటి 120 ఫిల్ము. 1980 నాటికి ఆయన 35 ఎంఎం కెమెరాకి మారిపోయారు. అంటే 1968.

ఇక్కడితో ఆపేస్తే మనకి ఒక తేదీ దొరికింది, ఒక పెద్దాయన చిన్నబుచ్చుకున్నాడు, అంతే. కానీ ఒకరు మెల్లగా అడిగారు: 'మరి నువ్వు వచ్చినప్పుడు అక్కడ ఏముంది?' ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'వంతెన లేదు. నీళ్ళలోంచి సిమెంటు దిమ్మలు లేచి ఉన్నాయి, పైన ఇనప చువ్వలు. అటు పోతే చువ్వ గుచ్చుకుంటుందని నాయనమ్మ నా చొక్కా వదల్లేదు' అన్నాడు. కడుతున్న బ్యారేజీ పక్కన జరిగిన పుష్కరం అది. తప్పు జ్ఞాపకం అనుకున్నది కాస్త తోడితే, ఏ ఫొటోలోనూ లేని సంగతి బయటపడింది. భూతద్దం పెట్టకపోతే ఆయన ఆ మాట అనేవాడే కాదు. కాబట్టి నమ్ము, కానీ భూతద్దం తీసుకెళ్ళు.

నువ్వు ఈ పని మొదలుపెట్టే మొదటిదానివి కావు. రెండు వందల ఏళ్ళ కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊళ్ళు తిరిగి కైఫీయతులు సేకరించారు. ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఇలాంటివి కరణాలూ పెద్దలూ చెప్పినవి. ఇవాళ మన పల్లెల చరిత్రకి అవే దిక్కు. వీలైతే మీ ఊరి కైఫీయతు వెతికి చదువు. చదువుతూ ఒకటి గమనించు: ఎవరు చెప్పగా రాశారో వాళ్ళ మాన్యం గట్టు అందులో కనిపిస్తుంది, కూలికి వెళ్ళినవాళ్ళ గుడిసె కనిపించదు. మా డాబా మీద కూడా అంతే. పన్నెండు మందిలో ఒక్కరే ఆడవాళ్ళు, రేడియోలో అనౌన్సరుగా చేసినావిడ. ఆవిడ మాట్లాడటం మొదలుపెడితే మావాళ్ళు మధ్యలో అందుకుంటారు, నేనూ అందుకున్నాను. ఆవిడ ఇంటికి విడిగా వెళ్ళు. లైన్ అకౌంటు మీద బతికిన పల్లెటూరి విలేఖరులు ఎవరైనా ఉన్నారేమో వాకబు చెయ్యి, వాళ్ళు విజయవాడ దాకా ఇడ్లీ తినడానికి రారు.

విన్నదాన్ని కాగితంతో సరిచూసుకో. ప్రెస్ అకాడమీ (ఇప్పుడు మీడియా అకాడమీ) వాళ్ళు పాత పత్రికల్ని స్కాన్ చేయించారు, అక్కడ మొదలుపెట్టు. ఆ తర్వాత ఒక్కసారైనా వేటపాలెం వెళ్ళు. సారస్వత నికేతనం 1918 నుంచి ఉంది, 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిన భవనం. పాత సంచికలు తిప్పేటప్పుడు నువ్వు వెతికే వార్తతో పాటు ఆ పేజీలో ఉన్న ప్రకటనలు, ధరలు, సినిమా హాళ్ళ పేర్లు కూడా రాసుకో. తర్వాత ఎవరి జ్ఞాపకాన్నైనా కదిలించాలంటే అవే పనికొస్తాయి.

రికార్డింగ్ గురించి నాలుగు మాటలు. ఫోన్ కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టు, లేకపోతే బల్ల మీద గ్లాసు పెట్టిన చప్పుడు మాటని మింగేస్తుంది. పది నిమిషాలు ఫ్యాను ఆపమని అడగడానికి మొహమాటపడకు. మొదట తేదీ, చోటు, ఎదుటి మనిషి పూర్తి పేరు నీ గొంతుతో చెప్పు. ఆ రాత్రే ఇంకో రెండు చోట్ల కాపీ పెట్టు. నేను పనిచేసిన ఒకచోట ఆఫీసు మారినప్పుడు నెగెటివుల పెట్టెలు పాత కాగితాలతో పాటు తూకానికి వెళ్ళిపోయాయి. ఎవరూ కావాలని చెయ్యలేదు. పెట్టె మీద ఏముందో ఎవరూ రాయలేదు, అంతే. ఇంకొకటి: పెద్దవాళ్ళు మాటల్లో పడి బతికున్నవాళ్ళ ఇంటి సంగతులు చెప్పేస్తారు. అవి రాయాలనిపిస్తే మళ్ళీ వెళ్ళి అడుగు. వద్దంటే వదిలెయ్యి. కథ పోతే పోయింది, ఆ ఇంటి గుమ్మం నీకు తెరిచి ఉండాలి.

వ్యాసాన్ని తిరగరాయి. ఆరు పేజీలు రెండు పేజీలైనా పరవాలేదు. 'ఎందరో' ఉన్నచోట ఒక్కరినైనా పేరుతో పెట్టు, ఆ పేరు తెలియకపోతే ఫోన్ చేసి కనుక్కో. నన్ను ఎప్పుడైనా అడగవచ్చు, రాత్రి పదకొండు దాకా మేలుకునే ఉంటాను.

వచ్చే నెల మొదటి ఆదివారం ఏడింటికల్లా వచ్చెయ్యి, మిగతావాళ్ళు ఎనిమిదింటికి గానీ రారు. పుష్కరాల కవరులో ఇంకా పంతొమ్మిది ఫొటోలున్నాయి. ఒకదాంట్లో రేవు మెట్ల మీద పూలబుట్టతో ఒకామె కెమెరా వైపే చూస్తోంది. కంపోజిటరుగారు ఆమెని గుర్తుపట్టినట్టే ఉన్నారు, వన్‌టౌన్‌లో వాళ్ళ వీధి చివర ఉండేదట, పేరు మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోతోంది. వాళ్ళ అక్కగారిని అడిగి వస్తానన్నారు. మెత్తటి 4బి పెన్సిల్ ఒకటి తెచ్చుకో. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాస్తే ముందు వైపు గీత పడుతుంది.

ఆశీస్సులతో,
మీ బాబాయ్