ముందు ఎడమ చేతికి పని నేర్పండి

ఇంట్లోనే ఉస్తరాతో, అంటే మంగలి కత్తితో, గెడ్డం గీసుకోవడం నేర్చుకోవాలంటే ఏ కత్తి కొనాలని అడిగారు. అది చివర్లో చెబుతాను. ముందు మీ ఎడమ చేతికి పని నేర్పండి. గీసేది కుడి చెయ్యే, కానీ గాటు పడకుండా చూసేది చర్మాన్ని లాగి పట్టుకున్న ఎడమ చెయ్యి. వీడియోల్లో ఈ సంగతి ఎవరూ సరిగ్గా చూపించరు, కెమెరా ఎప్పుడూ మెరిసే కత్తి మీదే ఉంటుంది.

నాకు నేర్పింది విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో షాపున్న పెద్దాయన. మధ్యాహ్నం బేరాలు లేని వేళ నన్ను అద్దం ముందు కూర్చోబెట్టి, బ్లేడు లేని ఖాళీ ఉస్తరా చేతికిచ్చారు. మొహమంతా నురగ పట్టించి, నా ఎడమ చేతిని నెత్తి మీదుగా తిప్పి, వేళ్లు కుడి చెవి ముందు పెట్టించారు. "పైకి లాగు బాబూ. ఇంకా. ఆఁ, ఇప్పుడు దింపు. నొక్కీకు, దాని బరువు సాలు" అన్నారు. వేళ్లు జారిపోతుంటే తడి పటిక ముక్క రాయించారు, వెంటనే పట్టు దొరికింది. చర్మం వదులైన చోటల్లా నురగ చారలుగా మిగిలిపోయేది. "అదిగో, బ్లేడుంటే అక్కడే తెగును" అని వేలితో చూపించేవారు.

కొన్నాళ్లు ఖాళీ కత్తితోనే ఇంట్లో సాధన చేశాను. బ్లేడు పెట్టాక కూడా చెంపలు మాత్రమే గీసుకుని, మిగతాది మామూలు రేజర్‌తో కానిచ్చేవాణ్ణి. మీరూ అలాగే చెయ్యండి. గెడ్డం కొస, పై పెదవి చివరికి ఉంచుకోండి. కత్తి చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. మరీ పడుకోబెడితే వెంట్రుకను పీకుతుంది, నిలబెడితే చర్మాన్ని గీరుతుంది. పక్కకి మాత్రం ఎప్పుడూ జరపకండి, అలా జరిపితే కోసేస్తుంది. దవడ కింద వెంట్రుకలు ఒక్కోచోట ఒక్కోవైపు వాలి ఉంటాయి. ఒకరోజు గీయకుండా వదిలేసి వేలితో తడిమి చూసుకుంటే తెలుస్తుంది. మొదట్లో ఆ వాలుకే గీయండి, ఎదురు వద్దు.

ఆన్‌లైన్లో సాన పట్టుకునే పాత రకం కత్తికి చెక్కపెట్టె, తోలు పట్టీ, సాన రాయి కలిపి వేల రూపాయలకి అమ్ముతున్నారు. కొత్తవాళ్లకి అదంతా దండగ. సాన పట్టడం వేరే విద్య. పైగా మన వైపు సముద్రపు గాలికి కార్బన్ స్టీలు కత్తిని వాడగానే తుడిచి ఆరబెట్టకపోతే తుప్పు పట్టేస్తుంది. ఎయిడ్స్, హెపటైటిస్ భయంతో షాపుల్లోకి వచ్చిన సగం బ్లేడు ఉస్తరా, అంటే బ్లేడుని సగానికి విరిచి పెట్టుకుని, వాడాక పారేసేది, చాలు మీకు.

"గెడ్డం గీయడం కూడా ఓ పనేనా" అనేవాళ్లని చూస్తే నాకు మండుతుంది. ఇప్పుడు షాపుకెళ్తే ట్రిమ్మర్ తిప్పేసి ఫేషియల్ అంటగట్టాలని చూస్తున్నారు. కత్తి పట్టడం నేర్చుకునే కుర్రాళ్లే కనబడటం లేదు. శ్రీకాకుళంలోనో మీ ఊళ్లోనో ఇంకా కత్తి పడుతున్న పెద్దాయన ఉంటే, ఒక పూట సంపాదన ఆయన చేతిలో పెట్టి నేర్పమని అడగండి. నేర్పుతారు.