బొగ్గు గుట్టల బొమ్మలు వేసే అమ్మాయికి ఏ కోర్సు?

ప్రశ్న: మాది గోదావరిఖని. సింగరేణిలో పనిచేస్తాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. ఎప్పుడు చూసినా ఓపెన్‌కాస్ట్ (ఓసీ) గని మట్టి గుట్టలు, డంపర్లే గీస్తుంటుంది. పెయింటర్‌నవుతా, ఆర్ట్ టీచర్‌నవుతా అంటోంది. ఈ బొమ్మలు ఎవరు కొంటారండీ? బీటెక్ వద్దంటే ఏం చేయాలి?

జవాబు: మీ టెన్షన్ న్యాయమైనదే. బొమ్మలు అమ్ముకుని బతకడం మొదట్లో కష్టం. మీ అమ్మాయికీ ఆ సంగతి తెలిసినట్టుంది, టీచర్ ఉద్యోగం మాట తనే ఎత్తిందిగా!

హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో నాలుగేళ్ల బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది. ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు, ఎంట్రన్స్ రాయాలి. ఈలోగా ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాయించండి. పద్దెనిమిదేళ్లు నిండాక వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ కూడా చేయొచ్చు. అయితే టీటీసీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. డ్రాయింగ్ టీచర్ నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ పడవు. కేంద్రీయ విద్యాలయాల్లాంటి చోట్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీయో, ఏళ్ల తరబడి చదివే డిప్లొమానో అడుగుతారు. అందుకే నా ఓటు బీఎఫ్ఏకే.

ఇక ఎవరు కొంటారన్న మాట. ఆస్ట్రేలియాలో ఊళ్లకు దూరంగా, ఎర్రమట్టి మధ్య బ్రోకెన్ హిల్ అనే గనుల పట్టణం ఉంది. అక్కడి గనిలో పనిచేసిన ప్రో హార్ట్ ఆ నేలనూ ఆ మనుషుల్నీ గీసే దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. 1973లో అతనితో కలిపి ఐదుగురు అక్కడి చిత్రకారులు ఒక బృందంగా ఏర్పడి ప్రదర్శనలు పెట్టారు. అందరికీ అలా కలిసొస్తుందని కాదు. కానీ కోనసీమ కొబ్బరిచెట్లు గీసేవాళ్లు బోలెడుమంది, ఓసీ గుట్టలను రోజూ చూస్తూ పెరిగినవాళ్లు ఎందరున్నారు?

అమ్మాయికి ఒక మాట చెప్పండి. బొగ్గంటే నల్లరంగు ట్యూబు పిండేయడం కాదు. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో అల్ట్రామెరైన్ బ్లూ కలిపితే వచ్చే ముదురు రంగుకు ప్రాణం ఉంటుంది. నీలం కాస్త ఎక్కువైతే నీడ చల్లగా, గోధుమ ఎక్కువైతే వెచ్చగా కనిపిస్తుంది. వానాకాలం గుట్టల మీద గడ్డి మొలిచినప్పుడు ఒకసారి, మండే ఎండలో ఒకసారి అదే చోటును వేయమనండి. అన్నీ తేదీలు వేసి దాచాలి. గుట్టలతో పాటు ఇంట్లో చెంబు, చెప్పులు, మీ డ్యూటీ టోపీ కూడా చూసి గీయాలి. ఎంట్రన్స్‌కు ఆ సాధనే అక్కరకొస్తుంది.

అన్నట్టు, బొమ్మల కోసం ఓసీ లోపలికి మాత్రం పోనివ్వకండి. పర్మిషన్ ఉంటే మీరే వెంట వెళ్లండి, లేదంటే రోడ్డు మీంచి కనిపించేదే చాలు.